పాలపంటి పొర

1. సోమవారం

పెంపకశాల పెద్దలకు పని తక్కువైనప్పుడల్లా ఓ కొత్త నియమం పుడుతుంది. ఈసారి పుట్టింది ఇది: పొర పెంచే ప్రతివాడూ ఆ రోజు ఏం చేశాడో సొంత మాటల్లో రాసి పెట్టాలి. తర్వాత వచ్చేవాళ్ళు నేర్చుకోవడానికట. ఆ వచ్చేవాళ్ళెవరో నాకు తెలియదు. ఈ గట్టు మీద పొర పెంచేవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు అప్పలసూరి. నా తర్వాత ఈ పనికి రావాలని ఎవరూ ఎగబడటం లేదు.

సరే, నేర్చుకోండి. పొద్దున్నే వెచ్చని పెట్టె తెరవాలి. ముందురోజు గిన్నెలో పోసిన పోషకాల నీళ్ళ మీద, పాల మీద మీగడలా పొర కట్టి ఉంటుంది. దాన్ని కదిలించే ముందు ఓ చెంచా తీసి వేరే గిన్నెలో వేసుకోవాలి. అది రేపటి పొరకి తోడు. ఆ తర్వాతే పొరను రెండు వెదురు బద్దలతో ఎత్తి తడిగుడ్డ మీద పరవాలి. ఇంట్లో పెరుగు తోడుపెట్టడం వచ్చినవాడికి ఈ పని సగం వచ్చినట్టే. మిగతా సగం చేతులు కడుక్కోవడం.

పొర ఇక్కణ్ణుంచి ఆస్పత్రికి వెళుతుంది. కేన్సర్ గడ్డ మీదికి కిరణాలు పంపే వైద్యాన్ని మావాళ్ళు ఇప్పటికీ కరెంటు పెట్టడం అనే అంటారు. నోట్లో గడ్డ ఉన్నవాళ్ళకి కరెంటు పెట్టేముందు డాక్టరమ్మ ఈ పొరను లోపల మంచి కండ మీద అంటిస్తారు. గడ్డను మాత్రం అలాగే వదిలేస్తారు. పొర కిరణాన్ని ఆపదు. ఆపితే ఇంక వైద్యమెందుకు? కిరణం పోయాక కండలో మిగిలే విషాన్ని ఇది పీల్చుకుని, కింది కండను బతికించి, తాను చచ్చిపోతుంది. ఒక పొర ఒక్క కరెంటుకే. మర్నాటికి మళ్ళీ కొత్తది.

ఈరోజు నేను పంపిన పొర మా ఆవిడ తవిటమ్మకి. నాలుక వెనక అంచున గడ్డ. ఇవాళ ఆమెకి మొదటి కరెంటు.

ఆ పొరకి తోడు మా అమ్మాయిది. ఇంతకంటే ఇవాళ రాయలేను.

2. బుధవారం

నిన్న రాయనందుకు పైనుంచి మాట వచ్చింది. రాస్తున్నాను.

ఎవరి నోటికి వాళ్ళ కండతోనే పొర పెంచవచ్చు కదా అని అడుగుతారు. పెంచకూడదు. కేన్సర్ పట్టిన మనిషి ఒంట్లో ఏ కణం చెడిందో ఏది చెడలేదో ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. పొరపాటున చెడ్డదాన్ని పెంచితే గడ్డకి మనమే కాపలా కాసినట్టవుతుంది. కాబట్టి రక్తసంబంధం ఉన్న మరో మనిషిది కావాలి. పరాయివాళ్ళది పెడితే నోరు ఒప్పుకోదు, గంటలో ఊడి చేతికొస్తుంది. నాదీ పనికిరాదు. మొగుడినే గాని రక్తసంబంధిని కాను.

తవిటమ్మ కంటే ముందు వాళ్ళమ్మకి పుట్టిన పిల్లలు ఒక్కరూ దక్కలేదు. అందుకే ఈమె పుట్టగానే వాళ్ళమ్మ చాటెడు తవుడు తీసుకుని పక్కింటివాళ్ళకి అమ్మేసినట్టు చేసి, మళ్ళీ కొనుక్కుని, ఆ పేరు పెట్టింది. తవుడుపాటి పిల్లే కదా అని చావు పట్టించుకోదని ఆశ. ఆ ఆశ ఫలించింది. సముద్రం పైకొచ్చిన ఏడు అయినవాళ్ళంతా పోయారు, ఈమె మిగిలింది. ఇక ఆమెకి రక్తసంబంధం అంటే మా వేణి ఒక్కతే.

వేణి ఏడో ఏట, జ్వరాలొచ్చినప్పుడు పోయింది. కింద ఊళ్ళు ఉన్న రోజుల్లో పిల్లల పాలపన్ను ఊడితే పేడలో చుట్టి ఇంటికప్పు మీదికి విసిరేవారు. ఊళ్ళు మునిగి ఈ గట్టెక్కాక ఆ పన్ను చలిగదికి ఇవ్వడం అలవాటైంది. పంటి లోపలి గుజ్జు తీసి సీసాలో గడ్డకట్టించి ఉంచుతారు, ఎప్పటికైనా అక్కరకొస్తుందని. వేణి ఇచ్చినవి రెండు పళ్ళు. అది పోయేనాటికి మూడోది కదులుతూ ఉంది.

అంటే రెండు సీసాలు. చలిగదికి కాపలా ఆదెమ్మత్త, పిలుపుకే అత్త. ప్రతి శుక్రవారం చేపల వేలం అయ్యాక తవిటమ్మ అక్కడికి వెళ్ళి, ఆ తలుపుకి చెయ్యి ఆనించి కాసేపు కూర్చుని వస్తుంది. నేనూ వెళతాను, ఏదో పని ఉన్నట్టు, ఆమె వచ్చేశాక. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

గడ్డ బయటపడ్డాక ఆమె నాతో అన్నది ఒకటే మాట.

"ఒక సీసా తీసుకో మావా. రెండోదాని జోలికెల్లినావంటే నాను నోరు తెరవను. సెప్తన్నాను."

3. శనివారం

నోట్లో ఒక్క పుండు లేదు. డాక్టర్ ఫిరోజా గారు టార్చి వేసి చూసి, "పొర చాలా బాగా పనిచేస్తోంది అప్పలసూరి గారూ, మీ చేతి చలవ" అన్నారు. నా చేతి చలవ కాదు. ఆ మాట ఆవిడకి చెప్పి ఏం లాభం?

తవిటమ్మ వేలం కూడా మానలేదు. గట్టు కింద ఆగిన పడవల నుంచి చేపల బుట్టలు తాళ్ళబండి మీద పైకి వస్తాయి. ఈమె పలక మీద నిలబడి పాట మొదలుపెడితే మా పెంపకశాల దాకా వినిపిస్తుంది. "ఈ కోనం సేపని సూసి నువ్వడిగే బేరం అదేటి? నీ కళ్ళు కాకులెత్తుకుపోనూ!" జనం చేపల కోసం వస్తారో ఈమె చేత తిట్లు తినడానికి వస్తారో నాకు ఇప్పటికీ అనుమానమే.

అన్నం దగ్గర అడిగింది.

"ఊసీసిన పొరని ఏటి సేత్తారు మావా?"

"కడిగీసి పాతిపెడతారు."

"అబద్దం."

అబద్ధమే. కరెంటు అవగానే పొరను స్టీలు గిన్నెలోకి ఊసేయాలి. ఆ గిన్నె నేరుగా పొయ్యికి వెళుతుంది. అంత విషం తాగిన కండను నేలలో వేయకూడదు.

"కాల్చీసినాం గదా దాన్ని, ఒకసారి," అంది. "మళ్ళీ రోజూనా?"

నేను పులుసు కలుపుకుని, ఉప్పు ఎక్కువైందన్నాను. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు నేను ఉప్పు గురించి మాట్లాడతాను.

4. మంగళవారం

ఈరోజు పొర ఎత్తుతుంటే బద్ద మీద జారింది. దీపానికి అడ్డం పెట్టి చూస్తే అవతల ఉన్న నా వేళ్ళు కనిపించాయి. అలా కనిపించకూడదు.

కారణం నాకు తెలుసు. నిన్నటి పొరలోంచి ఇవాళ్టి తోడు, ఇవాళ్టి దాన్లోంచి రేపటి తోడు. ఎంత మంచిదైనా ఎక్కడో ఒక దగ్గర ముదిరిపోతుంది. మామూలుగా అయితే కరెంట్లు పూర్తయ్యేదాకా వస్తుంది. ఇది చిన్నపిల్ల పంటిది, పైగా ఏళ్ళ తరబడి చలిలో ఉన్నది. వెచ్చని పెట్టె కింది కుంపటి మంట పెంచి చూశాను, తగ్గించి చూశాను. పోషకాల నీళ్ళు రెండుసార్లు మార్చాను. ఆస్పత్రివాళ్ళు నా మీద విసుక్కున్నారు, నేను వాళ్ళ మీద విసుక్కున్నాను.

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమ్మా," అని గిన్నెతో అన్నాను. ఇలాంటివి రాయకూడదేమో. రాసేశాను.

5. శుక్రవారం

పొర నోట్లో పెడుతుండగానే చిరిగింది. చిరిగినచోట బుగ్గ లోపల ఎర్రగా కమిలి, సాయంత్రానికి పుండు పడింది. నాలుక కింద మరొకటి. తవిటమ్మ గంజి చల్లార్చుకుని గుటక వేయబోయి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. వేలానికి వెళ్ళలేదు. చలిగదికి మాత్రం వెళ్ళొచ్చింది.

ఫిరోజా గారు నన్ను పక్కకు పిలిచారు.

"మూడోవంతు కరెంట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. పొర లేకుండా పెడితే లాలాజలం ఊరే గ్రంథులు మాడిపోతాయి. మళ్ళీ రావు. జీవితాంతం నోరు ఎండిపోయే ఉంటుంది. మింగడం కష్టం, గొంతెత్తి అరవడం అసలు కుదరదు. అదొక్కటే అయితే నేను ఇంత భయపడను. ఆ బాధ తట్టుకోలేక చాలామంది మధ్యలో మానేస్తారు. మానేస్తే గడ్డ తిరిగి లేస్తుంది. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు."

"ఊఁ," అన్నాను.

"రెండో సీసా ఉందట కదా?"

"ఉందండి."

"మరి?"

"ఉందంతేనండి."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. మంచి మనిషి.

6. ఆదివారం

ఈరోజు మా ఇంట్లో పెద్ద గొడవైంది. పక్కింటివాళ్ళు పెంకుల సందులోంచి వినే ఉంటారు, కాబట్టి రాయడానికి నాకేం సిగ్గులేదు.

"రేపు రెండో సీసా తీసుకొచ్చీత్తన్నాను," అన్నాను.

"తీసుకురా. నాను కరెంటు మానేత్తాను."

"సచ్చిపోతావే."

"అది అక్కడుందని బతుకుతున్నాను మావా. దాన్ని తీసీసి నన్ను బతికించి ఏటి సేసుకుంటావు?"

పుండ్లతో ఒక్కో మాటకీ మొహం చిట్లించుకుంటోంది. అయినా ఆపలేదు. నేనూ ఆపలేదు.

"అది వేణి కాదే. పంటిలోని గుజ్జు. రోజూ నా సేత్తో పెంచుతున్నాను, నాకు తెల్దేటి?"

"గుజ్జయితే నువ్వు శుక్రవారాలు అక్కడికెందుకెల్తావు?"

ఆమెకి తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలుసు. ఉప్పు గురించి కూడా మాట రాలేదు నాకు.

7. సోమవారం

ఆమె అన్నంత పనీ చేసింది. ఈరోజు కరెంటుకి వెళ్ళలేదు. మంచం మీద అటు తిరిగి పడుకుంది. బుగ్గ మీద తడిగుడ్డ ఒత్తుకుంటూనే ఉంది.

మధ్యాహ్నమంతా ఆలోచించాను. చివరికి తెగించాను. ఆమెకి చెప్పకుండా సీసా తెచ్చి పెంచేద్దాం, పాత తోడే కాస్త కోలుకుందని చెబుదాం, తెలిశాక నా మొహం చూడకపోతే చూడకపోనీ, మనిషి బతికుంటే అదే చాలనుకున్నాను. ఇలా అనుకోవడానికే సాయంత్రమైంది. నేను చలిగదికి చేరేసరికి ఆదెమ్మత్త గడప దగ్గర దీపం పెట్టేసింది.

"ఇప్పుడొచ్చినావేటి బావూ?" అంది. సంగతి చెప్పాను. ఆవిడ చెంపలు వేసుకుంది. "దీపాలు పెట్టీసినాక తోడు గడప దాటించరు గదా. పెరుక్కి తోడే ఇవ్వం, పిల్ల తోడిచ్చీత్తానేటి? పొద్దున్నే రా, నా సేత్తో నానే ఇత్తాను."

గట్టు మీద చలిగదిలోనూ మా పెంపకశాలలోనూ ఇదే పద్ధతి. ఉప్పు, సూది, తోడు, ఇవి దీపాలవేళ దాటాక చేయి మారవు. డాక్టర్లు నవ్వుతారు. నవ్వనీండి. నేనూ ఇన్నేళ్ళలో ఏనాడూ దీపాలు పెట్టాక ఒక్క పొర కూడా బయటికి ఇవ్వలేదు, ఎంత తొందర అన్నా సరే. ఆవిడ అన్నది నాకు న్యాయంగానే తోచింది.

ఇంకా నిజం చెప్పాలంటే నా ప్రాణం హాయిగా అనిపించింది. ఇంకొక్క పూట అది అక్కడే ఉంటుంది కదా అనుకున్నాను. తలుపుకి ఓసారి చెయ్యి ఆనించి, "అలాగే అత్తా" అని వచ్చేశాను. దారిలో గాలి కాస్త ఎక్కువగానే ఉంది.

8. మంగళవారం

రాత్రంతా తుఫాను గాలి. విరిగిపోతాయని, విద్యుత్తు ఇచ్చే గాలిమరలన్నీ కట్టేశారు. దాచి ఉంచిన విద్యుత్తు ముందు కిరణాల యంత్రానికి, కాన్పుల గదికి. ఆ తర్వాతే చలిగదికి. ఆ తర్వాత అనేది రాలేదు.

తెల్లారి నేను వెళ్ళేసరికి గడప కింద నుంచి నీళ్ళు వస్తున్నాయి. ఆదెమ్మత్త ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ, కట్టుకునే కోకలు కూడా, చలిపెట్టెకి చుట్టేసి ఉంది. ఆ నీళ్ళలోనే చతికిలబడి కూర్చుంది. ఊళ్ళో పిల్లలందరి పళ్ళూ అందులోనే ఉన్నాయి. చాలామంది పిల్లలకి ఇంకా ఊడాల్సినవి ఉన్నాయి, మళ్ళీ ఇస్తారు.

"నిన్న ఇచ్చీసుంటే..." అంది ఆదెమ్మత్త. "నా నోరు పడిపోను. నా సేతులిరిగిపోను బావూ."

 ఆవిడ పొద్దున్న రమ్మంది, నేను సంతోషంగా వెనక్కి తిరిగాను. ఆవిణ్ణి లేవదీసి అరుగు మీద కూర్చోబెట్టాను.

సీసాలోది పూర్తిగా కరిగిపోయింది. ఒకసారి కరిగింది మళ్ళీ గడ్డకట్టించడానికి పనికిరాదు. పరుగున తెచ్చి వెచ్చని పెట్టెలో పెట్టాను. ఇంత నీరసించిన తోడుకి ఒక్క పొర కట్టే ఓపికే ఉంటుంది. రెండోదానికి రాదు. నిన్న సాయంత్రం నా చేతికొచ్చి ఉంటే మిగిలిన కరెంట్లన్నిటికీ సరిపోయేది. నేర్చుకునేవాళ్ళు ఇది నేర్చుకోండి. మిగతాదంతా నేర్చుకోకపోయినా ఫర్వాలేదు.

ఇంటికి వెళ్ళి తవిటమ్మకి అంతా చెప్పాను. చెప్పకుండా తెద్దామనుకున్నది కూడా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఎంతసేపుంటాది?"

"పొర రేపు పొద్దున్నకి కడతాది. మద్దేనం దాకా ఉంటాది. నువ్వు పెట్టుకున్నా పోద్ది, పెట్టుకోపోయినా పోద్ది."

ఆమె లేచి స్నానం చేసి, తల దువ్వుకుని, నాతో పెంపకశాలకి వచ్చింది. ఇన్నాళ్ళలో ఒక్కసారీ రాలేదు. నేను గిన్నె మీది గుడ్డ తీశాను. వంగి చూసింది.

"ఇంతేనేటి?" అంది.

9. బుధవారం

నా చేత్తో పెంచిన పొరల్లో ఇంత నున్నటిది లేదు. తండ్రిని కాబట్టి అలా అనిపించిందేమో. అలవాటు కొద్దీ ఓ చెంచా వేరే గిన్నెలో తీసి పెట్టాను. ఆ చెంచా నా కళ్ళ ముందే నీళ్ళయిపోయింది.

ఆస్పత్రికి తవిటమ్మ నడిచే వచ్చింది. ఫిరోజా గారు పొర అంటించారు. కరెంటు పెట్టినంతసేపూ నేను అద్దం ఇవతల నిలబడ్డాను. అయిపోయింది. నర్సు స్టీలు గిన్నె తెచ్చి గడ్డం కింద పెట్టింది.

"ఊసెయ్యండమ్మా."

తవిటమ్మ నోరు తెరవలేదు.

"తవిటమ్మ గారూ, అది లోపల ఉంచుకోకూడదు. అంతా విషం," అన్నారు ఫిరోజా గారు.

ఆమె నా వైపు చూసింది. గొంతు కదిలింది. ముందురోజు మంచినీళ్ళ గుటకకే ఏడ్చిన మనిషి. మళ్ళీ కదిలింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది. ఇంకోసారి మింగింది. తర్వాత నోరు తెరిచి అందరికీ చూపించింది. పుండ్లు తప్ప ఏమీ లేదు.

ఫిరోజా గారు, "కడుపులో మంటగా ఉంటుంది, ఈ పూట ఇక్కడే ఉండండి," అని, మొహం అటు తిప్పుకున్నారు.

"పొయ్యిలోకి ఒద్దు మావా," అంది తవిటమ్మ. మాట ముద్దముద్దగా ఉంది గాని నాకు అంతా అర్థమైంది. "నా కడుపులోంచి ఒచ్చింది. అక్కడికే ఎలిపోనాది." కాసేపు ఊపిరి తీసుకుంది. "రేపూ నన్ను తీసుకురా. ఉత్త నోటితోనే పెట్టించుకుంటాను. ఇప్పుడు నాను సచ్చిపోతే ఇదీ సచ్చిపోద్ది."

ఆమె బతకడానికి ఒప్పుకుంది. అదే కదా నేను కోరుకున్నది. అయినా నాకు పట్టరాని కోపం వచ్చింది. దానికి నేనూ తండ్రినే. ఆనించడానికి నాకు ఇంక తలుపు కూడా లేదు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూస్తుండగా ఏడ్చాను. వేణి దహనం నాడు కూడా నేను అంత ఏడవలేదు.

10. ఆదివారం

మధ్యలో చాలా రోజులు రాయలేదు. పెంచడానికి పొర లేనప్పుడు రాసేదేముంటుంది? పెద్దలు ఏమనుకుంటే అనుకోనీ.

మిగిలిన కరెంట్లన్నీ అయిపోయాయి. తవిటమ్మ ఒక్కటీ మానలేదు. పొర లేని నోట్లో ఏం జరుగుతుందో ఫిరోజా గారు ముందే చెప్పారు, అంతా అలాగే జరిగింది. గడ్డ ఉన్నచోట ఇప్పుడు గడ్డ లేదు. లాలాజలమూ లేదు. మొలలో నీళ్ళసీసా దోపుకుని తిరుగుతుంది, ప్రతి ముద్దనీ నీళ్ళతో కిందికి తోసుకుంటుంది. వేలం ఇప్పుడు వేరెవరో పాడుతున్నారు. అతనికి తిట్టడం రాదు. బుట్టలు చప్పుడు లేకుండా అమ్ముడైపోతున్నాయి.

ఎండ వాలాక ఇద్దరం అరుగు మీద కూర్చుంటాం. అప్పుడు ఆమె నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంటుంది.  మొదటిరోజు అంది: "నీకూ ఉంది మావా. ఇక్కడే ఉంది." అంతే.

పొరల సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? కడుపులో ఊరే ఆమ్లంలో అవి ఎంతసేపు నిలుస్తాయో తెలుసు. ఆ బుధవారం సాయంత్రానికే అంతా అయిపోయి ఉంటుంది. ఆ మాట ఆమెకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమెకి తెలియదని కూడా నేను అనుకోవడం లేదు.

ఈరోజు ఎందుకో అడిగాను. "కదులుతోందేటి?"

తవిటమ్మ నీళ్ళసీసా ఎత్తి ఓ గుక్క తాగింది. మింగడానికి చాలాసేపు పట్టింది.

"పడుకుంది," అంది. "సెయ్యి తియ్యకు."

నేను తియ్యలేదు.